పరుపుల బాబాయి చర్మం, పిన్ని చెయ్యి

మా వీధిలో పరుపులు కుట్టే బాబాయి పోయిన వారం కన్నుమూశారు. ఉదయం నేను షట్టరు ఎత్తుతుండగా ఆయన భార్య, నేను పిన్ని అని పిలిచే మనిషి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చుంది. "మీ బాబాయి లేవడం లేదురా అబ్బాయ్. నువ్వొకసారి వచ్చి లేపు" అంది. నేను వెళ్లి చూశాను. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి కొన్నాళ్లుగా దగ్గుతూ ఉన్నారు. ముందు రోజు సాయంత్రం జావ తాగి, కాస్త నయంగా ఉందని నాతో చెప్పారు కూడా. తాను కుట్టుకున్న పరుపు మీదే, గోడ వైపు తిరిగి, నిద్రలోనే వెళ్లిపోయారు.

ఆయన నాకు రక్తసంబంధి కారు. చీరాలలో మోటార్లకు వైండింగు చేసే నా షాపుకూ, ఆయన ఇంటిని ఆనుకొని ఉన్న పరుపుల షాపుకూ మధ్య ఒకటే గోడ. వారిది తరతరాలుగా దూది ఏకిన ముస్లిం కుటుంబం. ఇంట్లో వినిపించేది మా ఇంట్లో వినిపించే తెలుగే. నేను బడి చదువు సగంలో వదిలి, రాగి తీగ చుట్టడం పుస్తకాలు చూసి నా అంతట నేను నేర్చుకుంటున్న రోజుల్లో, తీగ తెగి నేను తిట్టుకున్నప్పుడల్లా ఆ గోడ అవతలి నుంచి "ఏరా, మళ్లీ తెంపావా?" అనే మాట వచ్చేది. బాబాయి అనే పిలుపు ఆ గోడ మీదుగానే మొదలైంది.

ఆయనను గురించి రాయవలసినవి చాలా ఉన్నాయి. వరుస తప్పకుండా చెప్పడం నాకు అలవాటు కనుక, ముందు ఆయన పని గురించి చెబుతాను. దూది ఏకే విల్లు గోడకెక్కి, దాని స్థానంలో కరెంటు మిషను వచ్చి చాలా కాలమైంది. అయినా పొద్దున్నే మిషను స్విచ్చి వేసే ముందు ఆయన ఆ విల్లు నారిని ఒక్కసారి వేలితో మీటేవారు. ఎందుకని అడిగితే, "పెద్దాయన గోడ మీదున్నాడు, పలకరించకపోతే బాగుండదు" అనేవారు. ఎవరైనా పాత పరుపు ఏకడానికి తెస్తే, విప్పకముందే దాని మీద చెయ్యి నిమిరి ఆ ఇంటి సంగతి చెప్పేవారు. ఒకరు ఎడమ అంచుకే పడుకుంటున్నారనీ, ఇంకొకరు మధ్యరాత్రి లేచి కూర్చుంటున్నారనీ చెబితే, తెచ్చినవారు సిగ్గుపడి నవ్వేవారు.

పరుపు సంచిలో దూది పరిచాక, మధ్యమధ్యలో పైనుంచి కిందికి పొడుగు సూది దింపి కుట్లు వేస్తారు. మిగతా పనంతా ఎవరి చేతికిచ్చినా, ఆ కుట్లు మాత్రం ఆయన ఎవరినీ వేయనిచ్చేవారు కారు. "దూదికి బుద్ధి ఉండదురా. వదిలేస్తే అంతా ఒక మూలకి చేరుతుంది. దాన్ని ఉన్నచోట ఉంచేది కుట్టే" అనేవారు. ఆయన మాటల్లో నాకు బాగా ఇష్టమైనది మరొకటి ఉంది: "నా పరుపు కొన్నవాడు మళ్లీ నా గడప తొక్కకూడదు. తొక్కాడంటే వాడికి నిద్ర పట్టలేదన్నమాట."

పిన్ని వేటపాలెంలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. జీడిపిక్క పెంకులో నల్లటి సొన ఉంటుంది. అది తగిలితే చర్మం కాలి బొబ్బ లేస్తుంది. అందుకని అక్కడి ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకొని పని చేస్తారు. ఎంత రాసుకున్నా వేళ్లు నల్లబడక తప్పదు. సాయంత్రం షేర్ ఆటో దిగి పిన్ని వీధిలోకి వస్తుంటే బాబాయి, "వచ్చిందమ్మా జీడి మహారాణి" అని ప్రకటించేవారు. తర్వాత ఆయన స్నానం. రోజంతా దూదిలో కూర్చున్న మనిషికి వీపు తానుగా రుద్దుకోవడం కుదరదు. చేతులు బాగా కడుక్కున్నాక, ఆ పని పిన్ని చేసేది. గోడ ఇవతల ఉన్న నాకు రోజూ ఆ సంభాషణ వినపడేది.

"ఒళ్లంతా బూరుగు దూది. మనిషివా, దిండువా?"

"దిండునేనే. కావాలంటే తల పెట్టుకో."

"పెట్టుకుంటా, ముందు శుభ్రపడు. అటు తిరుగు."

తర్వాత తడి వీపు మీద చెయ్యి రాసుకునే చప్పుడు, మధ్యమధ్య ఆయన మూలుగు. వీపు రుద్దించుకోవడం ఆయనకు దినచర్యలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఇది నేను అంచనా వేసి రాస్తున్నది కాదు. ఆయనే అనేక పర్యాయాలు చెప్పారు.

జబ్బు ముందు నోటిలో మొదలైంది. బుగ్గల లోపల పుండ్లు పడి మానేవి కావు. మా ప్రాంతంలో నోరు పుండైతే కారణం వెతకరు. మిరపకాయ అని నిశ్చయిస్తారు. ఆయన పండుమిరప పచ్చడి మానేశారు, తర్వాత కూరల్లో కారం మానేశారు. ఎదురింటివాళ్లు, "ఏం బాబాయ్, మన ఊళ్లో ఉంటూ పెరుగన్నంతో బతుకుతున్నావంట?" అని ఆటపట్టించేవారు. "మీ వాటా కారం పెరుగుతుందని సంతోషించక ఏడుస్తారేంరా" అని ఆయన జవాబు. ఆర్‌ఎంపీ డాక్టరు బీ కాంప్లెక్స్ మాత్రలిచ్చాడు. పుండ్లు తగ్గలేదు.

అటు తర్వాత, ఒక ఉదయం, వీపు మీద బొబ్బలు కనిపించాయి. పలచటి నీటిబొబ్బలు. చొక్కా తగిలితేనే చిట్లిపోతున్నాయి. పిన్ని ఆయన వెనుక నిలబడి వాటిని చూసిన చూపు నాకు గుర్తుంది. బొబ్బలు ఆమె ముందు రోజు సాయంత్రం రుద్దిన చోటే, చారలు చారలుగా లేచి ఉన్నాయి. జీడి సొన ఏం చేస్తుందో ఆమెకు తెలిసినంతగా మా వీధిలో ఎవరికీ తెలియదు. ఆమె తన చేతులు చూసుకుంది.

ఆ రోజు నుంచి వేటపాలెం వెళ్లడం మానేసింది. కుంకుడుకాయ రసంతో, నిమ్మచెక్కతో, చివరికి కిరసనాయిలుతో చేతులు కడుక్కుంది. అయినా మరో ఉదయం, మంచం మీది నుంచి లేవలేకపోతున్న ఆయన జబ్బ పట్టుకొని లేపబోతే, పట్టుకున్న మేర చర్మం ఆమె బొటనవేలి కింద జారి ముడత పడిపోయింది. కింద ఎర్రటి పచ్చిమాంసం. ఇక ఆమెకు సందేహం మిగలలేదు. ఆ తర్వాత ఆయనను ముట్టుకోవడమే మానేసింది. కంచం ముందుకు జరిపి వెనక్కి వెళ్లి నిలబడేది. మందు రాయవలసి వస్తే నన్ను పిలిచేది.

బాబాయి దీన్ని మరోలా అర్థం చేసుకున్నారు. "మీ పిన్నికి నన్ను చూస్తే రోత పుడుతోందిరా. పుట్టదా మరి? నాకే పుడుతోంది" అన్నారు ఒకరోజు, నేను దూదితో మందు అద్దుతుండగా. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. నేను బయటికి వచ్చి పిన్నిని నిలదీశాను. ఆమె చీర కొంగులో చేతులు దాచుకొని, "రోత కాదురా. విషం. నా చేతి నిండా విషం ఉంది. నేను ముట్టుకున్న చోటల్లా ఊడుతోంది, నువ్వు చూడటం లేదూ?" అంది.

"అలాగైతే వేటపాలెంలో ఆడవాళ్ల మొగుళ్లెవరికీ ఒంటి మీద తోలు ఉండకూడదు కదా పిన్నీ?"

"నీకు పుస్తకాలు తెలుసు. నాకు నా చెయ్యి తెలుసు."

లోపలికి వెళ్లి ఆ మాట బాబాయికి చెప్పాను. "పిచ్చిది. ఇన్నేళ్లు ఆ చేత్తో పెట్టిందే తిన్నాను. అప్పుడే చచ్చిపోవాలిగా" అన్నారు. కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకుంటే బుగ్గ చర్మం ఊడుతుందేమోనని తుడుచుకోలేదు.

మరునాడు రైలెక్కి గుంటూరు వెళ్లాం. చర్మవ్యాధుల డాక్టరుగారు వయసులో నాకంటే చిన్నది. ఆమె బొబ్బలను చూసి ఊరుకోలేదు. బాగున్న చోటు చూపించమంది. బాబాయి భుజం వెనుక, మచ్చ కూడా లేని చోట, తొడుగు వేసుకున్న బొటనవేలు ఆనించి మెల్లగా పక్కకు నెట్టింది. తడిసిన కాగితం పై పొరలా చర్మం జారింది. గోడకు ఆనుకొని నిలబడ్డ పిన్ని ముందుకు వచ్చింది.

"మీరు ఇప్పుడు చేతికి ఏం రాసుకున్నారమ్మా?"

"ఏమీ లేదమ్మా. చెయ్యి కడుక్కొని ఇదిగో, ఈ తొడుగు వేసుకున్నాను."

"మరి ఊడిందే."

"ఎవరు నెట్టినా ఊడుతుంది. ఈ జబ్బు గుర్తే అది."

"జీడిపిక్కలు కొట్టే చెయ్యి కాకపోయినా?"

డాక్టరుగారు తలెత్తి అప్పుడు చూసింది ఆ నల్లటి వేళ్లను. "కాకపోయినా. పువ్వులు కట్టే చెయ్యి తగిలినా ఇంతే" అంది. మంచం మీది నుంచి బాబాయి, "విన్నావటే?" అన్నారు. పిన్ని ఆయన వైపు చూడకుండానే, "ఇంకోసారి చెప్పండమ్మా" అంది. డాక్టరుగారు ఇంకోసారి చెప్పింది.

ఆనాడు ఆమె వివరించినదాన్ని, తర్వాత నేను చదివి సరిచూసుకున్నదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. మన చర్మం ఒకే వస్త్రంలా కనిపిస్తుంది గాని, అది లెక్కలేనన్ని కణాల కూర్పు. ప్రతి కణమూ పక్క కణాన్ని పట్టుకొని ఉంటుంది. ఆ పట్టు అంచు పొడవునా పూసిన జిగురు లాంటిది మాత్రమే అయితే ఇంత ఒరిపిడికి నిలవదు. అక్కడక్కడ, చుక్కలు చుక్కలుగా, ఇటు కణం నుంచీ అటు కణం నుంచీ ప్రోటీన్ పోగులు వచ్చి ఒకదానితో ఒకటి ముడిపడతాయి. లోపలి వైపున ఆ ముడులను కణం తన సొంత పోగులతో బిగించి ఉంచుతుంది. అందుకే మనం నేలను రాసుకుంటూ పడినా, గుంజకు వీపు రుద్దినా, చర్మం చెదరదు. నోటి లోపలి పొరలోనూ ఇవే ముడులు. పెంఫిగస్ అనే ఈ జబ్బులో శరీరం చేసే పొరపాటు ఒక్కటే. క్రిముల మీదికి పంపవలసిన యాంటీబాడీలను ఈ ముడుల మీదికి పంపుతుంది. కణాలు చావవు. పక్కదానిని వదిలేస్తాయి, అంతే. వదిలేసిన చోట ఖాళీ ఏర్పడి, నీరు చేరి, బొబ్బ అవుతుంది. బొబ్బ ఇంకా లేవని చోట కూడా పట్టు సడలి ఉంటుంది కనుక, ఎవరి చెయ్యి తగిలితే నేరం వారిదిగా కనిపిస్తుంది. ఆయన చర్మంలోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపులో చూసిన బొమ్మను డాక్టరుగారు నాకు చూపింది. పొరుగువారిని వదిలిన కణాలు గుండ్రంగా మారి, నీళ్లలో ఒంటరిగా తేలుతున్నాయి. ఆ బొమ్మను నేను మరిచిపోలేకపోయాను.

బాబాయి ఇదంతా శ్రద్ధగా విని, "అంటే, దూది బాగానే ఉంది. కుట్లు తెగుతున్నాయి" అన్నారు.

"సరిగ్గా అంతే" అంది డాక్టరుగారు.

"తెంపేది ఎవరమ్మా?"

"మీ కాపలావాళ్లే. మనిషిని పోల్చుకోలేక మీ ఇంటివాళ్లనే కొడుతున్నారు."

"మా వీధి కుక్క కూడా ఇంతే. దొంగని వదిలేసి నన్ను కరుస్తుంది."

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పచ్చి ఒంటికి దుప్పటి అంటుకొని, తీసినప్పుడల్లా చర్మం దానితో వచ్చేది. అందుకని నర్సులు లేత అరటాకులు తెమ్మన్నారు. రోజూ తెల్లవారి మార్కెట్టుకు వెళ్లి, ఈనె మెత్తగా ఉన్నవి ఏరి తేవడం నా పని. ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి ఆకుల మీద పడుకున్నారు. మొదటి రోజే నన్ను దగ్గరికి పిలిచి, "ఒరేయ్, నన్ను ఆకులో వడ్డించారు. ఉప్పు వేయడం మరిచిపోయారు, చెప్పు" అన్నారు. కట్టు మారుస్తున్న నర్సు నవ్వాపుకోలేక పక్కకు వెళ్లింది. ఇంకా గొంతు తగ్గించి, "నిజం చెప్పాలంటే నా పరుపు కంటే ఇదే మెత్తగా ఉంది. బయట అనకు, వ్యాపారం పోతుంది" అన్నారు.

పిన్ని మాత్రం మంచానికి బారెడు దూరంలోనే ఉంది. డాక్టరు మాట విన్నది, నమ్మాలని ప్రయత్నిస్తోంది. అంతకుమించి ముందుకు రాలేకపోతోంది. రెండో రోజో మూడో రోజో వరండాలో నన్ను ఆపి, "నీ చెయ్యి ఇటు తే" అంది. ఇచ్చాను. నా మోచేతి లోపలి వైపున, చర్మం పలచగా ఉండేచోట, ఆ నల్లటి బొటనవేలితో గట్టిగా రుద్దడం మొదలుపెట్టింది. ఎర్రబడేదాకా రుద్దింది. నేను ఊరుకున్నాను. ఏ పరీక్షకైనా పోల్చి చూడటానికి బాగున్న వస్తువు ఒకటి కావాలి. మోటారు పాడైందో మీటరు పాడైందో తెలుసుకోవడానికి నేను రోజూ చేసేదే ఇది. మరునాడు పొద్దున్నే నా చొక్కా చెయ్యి తానే పైకి మడిచి చూసింది. వెలుతురులోకి తిప్పి మళ్లీ చూసింది.

"మంటగా ఉందా?"

"లేదు పిన్నీ."

"రాత్రి దురద పెట్టిందా?"

"లేదు. ఏమీ లేదు, చూశావుగా."

ఆమె నా చెయ్యి వదిలి లోపలికి వెళ్లింది. డాక్టరుగారు అంతకుముందే చెప్పి ఉంది: అరచెయ్యి ఆనించవచ్చు, రుద్దకూడదు, లాగకూడదు. పిన్ని మంచం చివర నిలబడి, ఆయన అరికాళ్లకు తన రెండు అరచేతులూ ఆనించింది. ఒంట్లో ఇంకా గట్టిగా నిలిచిన చర్మం అక్కడే ఉంది. బాబాయి కళ్లు తెరవలేదు. "చల్లగా ఉన్నాయే" అన్నారు. ఆమె చాలాసేపు అలాగే ఉండిపోయింది.

మాత్రలు, తర్వాత సెలైన్‌లో ఎక్కించిన మందు, అన్నీ పని చేశాయి. మొహం ఉబ్బింది, ఆకలి పెరిగింది, పుండ్లు మాని గోధుమరంగు మచ్చలయ్యాయి. ఆయన షాపు తెరిచి, గోడ మీది విల్లును మీటిన ఉదయం నేను పని ఆపి విన్నాను. పచ్చడి తిరిగి మొదలుపెట్టిన రోజున వీధంతటికీ తెలిసేలా పొలమారారు. కాపలావాళ్లను జో కొట్టే మందులు కనుక, దగ్గు, జ్వరం వస్తే వెంటనే రమ్మని డాక్టరుగారు ప్రతిసారీ హెచ్చరించేది. ఆ మందుల వల్లనే ఆయన మరికొన్నేళ్లు మాకు మిగిలారు. చివరికి నెమ్ము అంత సులువుగా లోపలికి రావడానికీ అవే దారి ఇచ్చి ఉంటాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూశాక, ఆ మందుల మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆయనకు మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది. పిన్ని మళ్లీ ఎప్పటిలా అన్నం కలిపి పెట్టింది, తలకు నూనె పెట్టింది, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసింది. వీపు రుద్దమంటే మాత్రం రుద్దలేదు. నీళ్లు పోసి, మెల్లగా తట్టి ఊరుకునేది. గోడ అవతలి సంభాషణ మారిపోయింది.

"కాస్త రుద్దవే."

"డాక్టరమ్మ వద్దంది."

"అది ఏనాటి మాట?"

"ఏనాటిదైనా మాట మాటే."

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు బాబాయి ఈ తగువును నేరుగా డాక్టరుగారి ముందు పెట్టారు. ఆమె పిన్నిని దగ్గరికి పిలిచి, ఆయన వీపును బొటనవేలితో నొక్కి, పక్కకు నెట్టి, గట్టిగా రుద్ది చూపింది. చర్మం ఉన్నచోటే ఉంది. "ఇక మీరు నిశ్చింతగా రుద్దండమ్మా" అంది. పిన్ని తల ఊపింది. ఇంటికి వచ్చాక మళ్లీ తట్టి ఊరుకుంది. అడిగితే, "ఆమె చెయ్యి ఆమెది. నా చెయ్యి నాది" అంది. తన బొటనవేలి కింద ఆ చర్మం జారిన ఉదయాన్ని ఆ చెయ్యి మరిచిపోలేదని నాకు అనిపిస్తుంది.

ఆయన సర్దుకుపోయారు. సాయంత్రాలు షాపు ద్వారబంధానికి వీపు ఆనించి, అటూ ఇటూ రాసుకుంటూ నాతో మాట్లాడేవారు. "చూడరా, గేదెనైపోయాను" అనేవారు. పిన్ని వినేటట్టు గొంతు పెంచి, "నాకు ఒళ్లు బాగైంది. దీనికి భయం బాగవలేదు. దానికి మాత్ర ఉందేమో డాక్టరమ్మనడుగు" అనేవారు. లోపలి నుంచి, "ఉంది, నువ్వు నోరు మూసుకోవడమే" అని వచ్చేది. ఇద్దరూ నవ్వేవారు. కానీ ఆయన అడగడం మానలేదు, ఆమె ఒప్పుకోవడమూ జరగలేదు. పోయిన వారం దాకా.

ఆ రోజు మధ్యాహ్నానికి మసీదు నుంచి పెద్దలు వచ్చారు. పెరట్లో నాలుగు పక్కలా దుప్పట్లు కట్టి, రేగాకులు వేసి నీళ్లు కాచారు. మగవారి చివరి స్నానం మామూలుగా మగవారే చేయిస్తారు. పిన్ని లేచి, తాను కూడా చేయిస్తానంది. వచ్చినవారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వారిలో పెద్దాయన, "భార్యకు ఆ హక్కు ఉంది. రానీయండి" అన్నారు. ఆమె గాజులు పైకి తోసుకొని దుప్పటి ఎత్తి లోపలికి వెళ్లింది.

నేను బయట, పెరటి గోడ పక్కన కూర్చున్నాను. లోపల చెంబులతో నీళ్లు పోస్తున్న చప్పుడు. పెద్దాయన తక్కువ గొంతుతో ఏది ముందో, ఏది తర్వాతో చెబుతున్నారు. కాసేపటికి, "ఇప్పుడు పక్కకు తిప్పండి" అన్నారు. ఆ తర్వాత, నాకు తెలిసిన ఆ చప్పుడు మొదలైంది.

"మెల్లగా తల్లీ. అంత గట్టిగా కాదు" అన్నారు పెద్దాయన.

"ఏం కాదులే అన్నా. ఎన్నేళ్ల నుంచో అడుగుతున్నాడు" అంది పిన్ని.

నీళ్లు పోసేవారు ఆగినట్టున్నారు. తడి వీపు మీద అరచెయ్యి మెడ నుంచి నడుము దాకా రాసుకుంటూ వెళ్లి, మళ్లీ పైకి రావడం మాత్రమే వినిపిస్తూ ఉంది. దుప్పటి అంచు కింది నుంచి గోరువెచ్చటి నీళ్లు సన్నగా పాయ కట్టి, రేగాకు ఒకదాన్ని మోసుకుంటూ, నా పాదాల పక్కగా వీధి వైపు వెళ్లాయి.